వెనక కూచుండిపోయిన అంబాసిడర్ వ్యాగన్: ఒక కమాను కేసు

ఈ కేసులో బండి 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, డీజిల్. కంపెనీ నుంచి సెడాన్‌గానే వచ్చింది. తర్వాత మద్రాసులో ఒక బాడీ బిల్డర్ దగ్గర డిక్కీ కోయించి, టాపు చివరిదాకా సాగదీయించి, పైకి లేచే వెనక తలుపు పెట్టించి వ్యాగన్ చేయించారు. చంద్రగిరి వైపు పెళ్లి వంటలు ఒప్పుకునే కుటుంబానిది ఆ బండి. గుండిగలు, గంటెలు, గ్యాస్ సిలిండర్లు, గ్రైండరు అన్నీ అందులోనే వెళ్తాయి. ట్రాలీ ఆటో కొనుక్కోమని చాలామంది చెప్పారట. పెద్దాయన ఒప్పుకోలేదు. బండి పరిస్థితి చూస్తే ఆయన మాటే నాకూ న్యాయంగా అనిపించింది. ఇంజిన్ శుభ్రంగా ఉంది, ఫ్లోర్ తుప్పు పట్టలేదు.

ఆయన చెప్పిన కంప్లైంట్ ఇది: “మేస్త్రీ, వెనక ఎడమ పక్క కూచుండిపోయింది. లోడేసుకొని భాకరాపేట ఘాట్ ఎక్కితే మలుపుల్లో టైరు రాసుకుంటా ఉంది. స్పీడ్ బ్రేకర్ మీద ధడేల్మంటా ఉంది. రాత్రిపూట ఎదురొచ్చే వాళ్లంతా నాకు లైటు కొడతా ఉండారు.”

మూడూ ఒకే జబ్బు లక్షణాలు. వెనక దిగితే ముందు లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి. యాక్సిల్‌కూ, అది పైకి లేచి బాడీని కొట్టకుండా ఆపే బంప్ రబ్బరుకూ మధ్య జాగా లేకపోతే ప్రతి గుంతకూ ఇనుము కొట్టుకున్నట్టు దెబ్బ వినిపిస్తుంది.

అంతకు ముందే ఈ బండికి రెండు వైద్యాలు జరిగాయి. మొదట వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ కొత్తవి వేశారు. ఎత్తు రాలేదు. తర్వాత ఎడమ పక్క కమాను (స్టీలు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగు) కట్టలో కింది వైపు ఒక లావు పట్టీ చేర్చారు. లేచింది. కొన్నాళ్లకు ముందుకంటే ఎక్కువ దిగిపోయింది.

షాక్ అబ్జార్బర్ల సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ పేరుతో జనం డబ్బు చాలా పోతోంది. ఈ బండికి ఉన్నది మామూలు హైడ్రాలిక్ రకం. విప్పి చేత్తో నొక్కితే మెల్లగా లోపలికి దిగి, వదిలిన చోటే ఆగిపోతుంది. బండి బరువు మోసే పని దానిది కాదు. ఊపును ఆపడమే దాని పని. ఎత్తు ఇచ్చేది కమాను. కాబట్టి వెనక దిగిన బండికి షాక్ అబ్జార్బర్లు మార్చి ఎత్తు వస్తుందని ఎవరైనా చెబితే, ఓనరు ఒప్పుకోకూడదు.

కొలతలు

పానా పట్టుకునే ముందు టేపు పట్టుకోవాలి. మా షెడ్డులో సిమెంటు గచ్చు సమంగా ఉందో లేదో తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో చూసి, నాలుగు చక్రాలు నిలిచే చోట్లు గుర్తు పెట్టుకున్నాను. టైర్లలో గాలి సరి చేశాను. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ తోసి నిలిపాను. జాకీ దించిన వెంటనే కొలిస్తే చక్రాలు బిగుసుకుపోయి ఎత్తు తప్పు చూపిస్తుంది. కొలిచేది నేల నుంచి కాదు, చక్రం నడిబొడ్డు నుంచి పైన ఆర్చి అంచు దాకా. అలా కొలిస్తే టైరు సైజు, అరుగుదల లెక్కలోకి రావు.

పోల్చడానికి తెలిసిన ట్యాక్సీ ఓనరు దగ్గర కండిషన్‌లో ఉన్న అంబాసిడర్ సెడాన్ తెప్పించుకున్నాను. వ్యాగన్ చేసినప్పుడు వెనక చక్రాల ఆర్చిలు ముట్టుకోలేదు కాబట్టి రెండు బళ్లూ పోల్చదగినవే. దానికంటే మన బండి వెనక కుడి పక్క 40 మి.మీ., ఎడమ పక్క 62 మి.మీ. కింద ఉంది. రెండు పక్కల మధ్య తేడా 22. బంప్ రబ్బరు దగ్గర ఖాళీ కుడి పక్క 55 మి.మీ., ఎడమ పక్క 38.

ఎడమ వెనక దిగిందంటే జబ్బు ఎడమ వెనకే ఉండాలని లేదు. అంబాసిడర్‌కు ముందు కమాన్లు ఉండవు, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, అంటే టార్షన్ బార్లు ఉంటాయి. ముందు కుడి బారు ఎక్కువ ఎత్తుకు సెట్ చేసి ఉన్నా బండి ఐమూలగా ఎడమ వెనక్కు వాలుతుంది. దీన్ని తేల్చుకోవడానికి ముందు క్రాస్ మెంబర్‌కు (బండి కింద అడ్డంగా ఉండే దూలానికి) సరిగ్గా నడిమధ్య ట్రాలీ జాకీ పెట్టి ముందు భాగాన్ని కొద్దిగా లేపాను. అప్పుడు ముందు స్ప్రింగుల ప్రభావం పోయి, వెనక కమాన్ల మీదే బండి ఎటు వాలితే అటు వాలుతుంది. తేడా 22 నుంచి 27కు పెరిగింది. ముందు బార్లు నిజానికి బండిని నిలబెడుతున్నాయి, జబ్బు వెనకదే అని తేలింది. ముందు జోలికి పోనక్కర్లేదు.

తర్వాత కాటా. తిరుపతి కరకంబాడి రోడ్డులో వేబ్రిడ్జి మీద బండి మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూకం వేయించాను. మొత్తం 1,240 కిలోలు, వెనక చక్రాల మీద 630. అదే రోజు సెడాన్‌ను కూడా వేయిస్తే మొత్తం 1,150, వెనక 535 వచ్చింది. అంటే సామాను ఏమీ లేకుండానే, వ్యాగన్ బాడీ వల్ల వెనక కమాన్ల మీద 95 కిలోలు ఎక్కువ పడుతోంది. బాడీ కట్టినప్పుడు కమాన్లు మాత్రం సెడాన్‌వే ఉంచేశారు. ఇన్నేళ్లు లాక్కొచ్చిందంటే ఆ స్టీలు గట్టిది.

సిమెంటు బస్తాల పరీక్ష

నా దృష్టిలో ఈ కేసుకు ప్రాణం ఈ పరీక్షే. 50 కిలోల సిమెంటు బస్తాలు రెండు తెచ్చి, సరిగ్గా వెనక యాక్సిల్ మీదుగా, కుడి ఎడమలకు సమానంగా పెట్టాను. కుడి పక్క 26 మి.మీ. దిగింది. ఎడమ పక్క 31.

కమాను ఏళ్ల తరబడి బరువు మోసి కూచుండిపోయినప్పుడు అది మెత్తబడిందని అందరూ అనుకుంటారు. మెత్తబడదు. స్టీలు బిరుసుతనం వయసుతో తగ్గదు. పోయేది వంపు. పట్టీలు అరగకుండా, విరగకుండా ఉన్నంతవరకు, కొత్తప్పుడు 50 కిలోలకు ఎంత దిగేదో పాతబడ్డాకా అంతే దిగుతుంది. కాకపోతే దిగడం మొదలయ్యే చోటే కిందికి వచ్చేసి ఉంటుంది. సెడాన్‌లోకి కూడా అవే బస్తాలు ఎక్కించి చూశాను. రెండు పక్కలా 26. అంటే మన బండి కుడి కమాను బలం ఏమీ పోలేదు, వంపు మాత్రమే పోయింది. ఎడమ పక్క 31 దిగిందంటే అక్కడ బలమే పోయింది. వంపు పోవడం వల్ల అలా జరగదు. లోపల ఏదో పట్టీ విరిగి ఉండాలి.

ఇక లెక్క. ఒక పక్కకు 50 కిలోలకు 26 మి.మీ. అంటే మిల్లీమీటరుకు 1.92 కిలోలు. వ్యాగన్ బాడీ అదనపు బరువు 95లో ఒక పక్కకు 47.5. దాన్ని 1.92తో భాగిస్తే దాదాపు 25 మి.మీ. కుడి పక్క తగ్గిన 40లో 25 బాడీ బరువుది, మిగిలిన 15 మాత్రమే కమాను వయసుది. అందరూ “కమాన్లు పాతబడిపోయాయి” అని తేల్చేసిన బండిలో సగానికి పైగా తప్పు కమాన్లది కాదు.

ఈ లెక్క తెలియకుండా కొత్త సెడాన్ కమాన్లు తెచ్చి బిగించి ఉంటే, మొదటి రోజే 25 మి.మీ. కింద నిలబడేది. ఓనరు మళ్లీ తిరిగొచ్చేవాడు.

విప్పితే కనిపించింది

బాడీని స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌కు కింద జాకీ ఆనించి, కమానును యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు విప్పాం. పాత యూ బోల్టులు ఎంత బాగున్నా మళ్లీ వాడను. ఒకసారి సాగిన మరలు రెండోసారి బిగుతు పట్టుకోవు.

కుడి కట్ట శుభ్రం చేసి, రెండు కొసల్లో బోల్టు దూరే చుట్ల (కళ్ల) మధ్య దారం బిగించి కట్టి, పట్టీలన్నిటినీ నడిమధ్య కలిపే సెంటర్ బోల్ట్ దగ్గర దారానికీ మెయిన్ పట్టీకీ మధ్య లోతు కొలిస్తే 118 మి.మీ. ఒక పక్క కమాను మీద నిలిచే బరువు, యాక్సిల్, చక్రాల బరువు తీసేస్తే సుమారు 260 కిలోలు. దానికి కమాను 135 మి.మీ. దిగుతుంది. 118 వంపున్న కమాను 135 దిగితే ఏమవుతుంది? తిరగబడుతుంది. నిజంగానే బండి నిలిచి ఉన్నప్పుడు పక్క నుంచి చూస్తే పట్టీలు పైకి కాకుండా కిందికి వంగి కనిపించేవి. కమాను వెనక కొసను బాడీకి కలిపే ఊగే లింకు, షేకిల్ కూడా పని చేసే కోణం దాటి, బాడీకి ఆనుకునేంత వెనక్కు వాలిపోయి ఉంది.

ఎడమ కట్ట విప్పేటప్పుడు మూడో పట్టీ ముక్క చేతికి వచ్చేసింది. క్లిప్పు పట్టి ఉంచడం వల్ల బయటికి కనిపించలేదు. ఆ విరుపును ఎండలోకి తీసుకెళ్లి చూశాను. పై అంచు నుంచి సగం లోతు దాకా నల్లగా, నున్నగా ఉంది. మిగతా సగం తెల్లగా, ఉప్పు రవ్వల్లా మెరుస్తోంది. నల్లటిది పాత పగులు, నెలల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి పాకింది. తెల్లటిది చివరి రోజున ఒక్క దెబ్బకు తెగింది. పట్టీని తిప్పి కింది ముఖం చూస్తే, విరుపుకు సరిగ్గా కిందుగా, అడ్డంగా ఒక గాటు పడి ఉంది. గోరు పెడితే దిగేంత గాటు. పక్కన పెట్టిన లావు పట్టీ కొసను ఆ గాటు మీద ఆనిస్తే సరిగ్గా అతుక్కుంది.

ఇంతకు ముందు చేర్చిన పట్టీ ఏదో బరువైన బండిది. మిగతా పట్టీల కంటే లావు, పొడవు తక్కువ, కొస గ్యాస్‌తో నేరుగా అడ్డంగా కోసేశారు. కమాను కట్టలో ప్రతి పట్టీ పైదాని కంటే కొంచెం పొట్టిగా, కొసలు పలచగా సాగదీసి ఉండటానికి కారణం ఉంది. వంగుడు భారం పట్టీ పొడవంతా పరుచుకోవాలి, ఒక్క చోట ఆగకూడదు. కింద లావు పట్టీ వంగనని మొండికేస్తే, అది ఆగిన చోటే పై పట్టీ మొత్తం వంగాల్సి వస్తుంది. కింద కొస కొరుకుతుంటే పై ముఖం అక్కడే సాగి పగులుతుంది. ఆ పట్టీ ఎత్తు ఇచ్చింది, ఇచ్చినన్నాళ్లూ పక్క పట్టీని చంపుతూ వచ్చింది.

కమాను కళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు ఉబ్బి పిండిలా అయ్యాయి. సర్వీసు చేసినప్పుడల్లా కమాన్ల మీద వేస్ట్ ఇంజిన్ ఆయిల్ కొట్టించడం వల్ల. ఈ అలవాటు మన వైపు ఎందుకు పోవడం లేదో నాకు అర్థం కాదు. ఆయిల్ రబ్బరును తినేస్తుంది, దుమ్మును పట్టి పట్టీల మధ్య ఆకురాయి పేస్టులా తయారవుతుంది. పట్టీల మధ్యకు గ్రాఫైట్ గ్రీజు సన్నగా చాలు, అదీ విప్పినప్పుడే.

అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు కాబట్టి, షేకిల్ పట్టుకునే చోట బాడీ రేకు తుప్పుపడితే బ్రాకెట్ ఆ రేకులోకి పైకి చొచ్చుకుపోతుంది. బయటికి అచ్చం కమాను కూచున్నట్టే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూశాను. ఎక్కడా దిగలేదు. అక్కడ తుప్పు ఉండి ఉంటే ముందు వెల్డింగ్ పని చేయాలి, ఆ తర్వాతే కమాను.

చిత్తూరులో

కమాన్ల పని నేను చేయను. అది వేరే విద్య. చెన్నై–బెంగళూరు లారీలు తిరిగే దారి కాబట్టి చిత్తూరులో ఆ పని తెలిసిన చేతులు ఉన్నాయి. రెండు కట్టలూ వేరే కారు డిక్కీలో వేసుకొని పూతలపట్టు మీదుగా వెళ్లాను. అక్కడి కమాన్ భాయ్ లారీ పట్టీల మధ్యలో మన కట్టలు చూసి, “ఇవి పిల్లల కమాన్లు కదా సార్” అంటూనే, ఒక్కో పట్టీని సుత్తితో తట్టి శబ్దం విన్నాడు. చిన్న పగులున్నా మోత తేడాగా వస్తుంది.

ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం ఇలా ఉంది. మొత్తం 40 మి.మీ. లేపాలి. అంతా వంపుతోనే తెస్తే షేకిల్ కోణం ఖాళీ బండిలో బిగుసుకుపోతుంది, లోడు పడితే మళ్లీ పాత కథే. అంతా అదనపు పట్టీతో తెస్తే బండి లారీలా గుద్దుతుంది. అందుకని రెండింటికీ పంచాం. కింద ఒక పలుచని పట్టీ, కొసలు సాగదీసింది, రెండు పక్కలా చేర్చి బలాన్ని మిల్లీమీటరుకు 1.92 నుంచి 2.17 కిలోల దగ్గరికి తేవాలి. 260 కిలోల మీద దానివల్ల వచ్చే లాభం 15 మి.మీ. మిగిలిన 25 వంపుతో రావాలి. కొత్తగా వంచిన కమాను మొదట్లో కొంచెం కూచుంటుంది కాబట్టి దానికి ఇంకో 7. అంటే దారం కొలత 118 నుంచి 150కి రావాలి.

వంచడంలో రెండు దారులున్నాయి. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచడం సులువు. కానీ కాల్చిన పట్టీకి మళ్లీ నూనెలో ముంచి గట్టిదనం ఎక్కించి, ఆ తర్వాత తక్కువ వేడి మీద పెళుసుతనం తీయాలి. అది చేయకుండా గాలికి చల్లార్చి ఇచ్చేస్తే, ఆ పట్టీ పేరుకే కమాను. కొన్ని నెలల్లో చప్పబడిపోతుంది. “తక్కువలో చేసిస్తాం” అనే చోట్ల జరిగేది ఎక్కువగా ఇదే. పాత పట్టీలన్నిటినీ మేం చల్లగానే కొట్టించాం. రెండు దిమ్మల మధ్య ఖాళీ మీద పట్టీని లోతు పైకి ఉండేలా పెట్టి, గుండ్రటి మొహం ఉన్న సమ్మెటతో అంగుళం అంగుళం జరుపుతూ కొడతాడు. ఒక చోట ఎక్కువ పడితే అక్కడ మడత వస్తుంది. ప్రతి నాలుగైదు దెబ్బలకూ పక్క పట్టీ మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. రెంటి మధ్య సందు ఎలా పడుతోందో చూసి మళ్లీ కొడతాడు. టేపు అవసరం అతనికి చివర్లోనే వచ్చింది.

విరిగిన మూడో పట్టీ బదులు అదే మందం స్ప్రింగ్ స్టీలు కొత్తది కోసి, కొసలు సాగదీసి, నూనెలో ముంచి గట్టిదనం ఎక్కించి, తక్కువ వేడి మీద పెళుసుతనం తీయించాం. కట్టలు మళ్లీ కూర్చి కొత్త సెంటర్ బోల్టులు వేశాక, ప్రెస్‌లో పెట్టి పూర్తిగా చదునయ్యేదాకా నొక్కి వదలడం, మళ్లీ నొక్కడం చేశాడు. కూచునేది ఏదైనా ఉంటే బండి కిందకు పోకముందే కూచోవాలని. ఆ తర్వాత కొలిస్తే రెండూ 150 చూపించాయి.

బిగింపు

బుష్‌లు, యూ బోల్టులు కొత్తవి. పాత అంబాసిడర్ సామాన్లకు చెన్నై పుదుపేట ఇప్పటికీ ఆదుకుంటుంది. 2014లో బండి తయారీ ఆగినా, అంతకాలం పెద్దగా మార్పుల్లేకుండా వచ్చిన మోడల్ కావడం పాత ఓనర్ల అదృష్టం.

ఇక్కడ ఒక్క విషయం మీద పట్టుబడతాను. కమాను కళ్లకూ షేకిల్‌కూ వచ్చే బోల్టులను బండి గాల్లో ఉండగా ఆఖరు బిగింపు చేయకూడదు. వేలాడే చక్రంతో బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టేసుకుంటుంది. బండి దించగానే రబ్బరు మెలితిరిగి, కొంత ఎత్తును అదే పట్టి ఉంచుతుంది, త్వరలోనే చిరిగిపోతుంది. వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, నాలుగు సార్లు ఊపి, అప్పుడు బిగించాం. యూ బోల్టులు కూడా బరువు పడ్డాకే, ఐమూలగా మార్చి మార్చి.

ఎత్తు మారితే ఇంజిన్ తిప్పుడును వెనక యాక్సిల్‌కు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, సైలెన్సర్ పైపు మీద యాక్సిల్ ఆనుతుందా అన్నవి చూడాలి. మూడూ సరిగ్గానే ఉన్నాయి. హెడ్‌లైట్లు గోడ మీద వేసి కిందికి దించాను.

దించిన రోజు వెనక కుడి సెడాన్ కంటే 6 మి.మీ., ఎడమ 4 మి.మీ. పైన నిలిచాయి. సిమెంటు బస్తాల పరీక్ష మళ్లీ చేస్తే రెండు పక్కలా 23 మి.మీ. దిగింది. అంటే బలం లెక్క ప్రకారమే వచ్చింది.

తర్వాత పెద్దాయన చేతనే పెళ్లి సామాను మొత్తం ఎక్కించమన్నాను. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు, గ్రైండరు, ఇత్తడి గుండిగలు కలిపి 180 కిలోలకు దగ్గరగా తూగింది. సిలిండర్ మీద రాసి ఉండే ఖాళీ బరువుకు గ్యాస్ బరువు కలపాలి, చాలామంది గ్యాస్ ఒక్కటే లెక్కేస్తారు. ఇంతకు ముందు ఈ బరువుతో కుడి పక్క బంప్ రబ్బరుకు 8 మి.మీ. ఖాళీ కూడా సరిగ్గా మిగిలేది కాదు, ఎడమ పక్క యాక్సిల్ రబ్బరు మీదే నడిచేది. ధడేల్మనే శబ్దం అదే. ఇప్పుడు అదే లోడుతో దాదాపు 60 మి.మీ. ఖాళీ ఉంది. అలాగే భాకరాపేట ఘాట్ ఎక్కి దిగాం. టైరు రాయలేదు. ఖాళీ బండిలో వెనక సీటు ముందుకంటే కొంచెం గట్టిగా ఉందని పెద్దాయన భార్య చెప్పారు. నిజమే. కట్టకు పట్టీ చేర్చాక ఆ మాత్రం తప్పదు, పని మొదలుపెట్టే ముందే అది వాళ్లకు చెప్పాను.

500 కిలోమీటర్లు తిరిగాక రమ్మని పంపాను. వచ్చినప్పుడు యూ బోల్టులు ఇంకో పావు తిప్పు పట్టాయి. కొత్త పట్టీలు ఒకదానిలో ఒకటి కుదురుకున్నాక అంత వదులు వస్తుంది, అప్పుడు బిగించకపోతే సెంటర్ బోల్ట్ తెగుతుంది. ఎత్తులు కుడి 1 మి.మీ. పైన, ఎడమ 1 మి.మీ. కింద. కొత్త ఎడమ పట్టీల కింది ముఖాలు లైటు వేసి చూశాను, ఎక్కడా గాటు లేదు. సిలిండర్లు వెనక తలుపు దగ్గర కాకుండా సీటుకు ఆనించి, యాక్సిల్‌కు ముందుగా నిలబెట్టి కట్టమని చెప్పాను. అదే బరువు తలుపు దగ్గర పెడితే కమాన్ల మీద ఎక్కువ పడుతుంది, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. ఫ్లోర్‌కు రెండు కొక్కేలు వెల్డ్ చేసి పంపాను.